మిర్చి కల్లంలో దౌత్యం

మా అపార్ట్‌మెంట్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఎక్కువ. విదేశాంగ విధానం అనే పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మా ఇంటి బెల్లు కొడతారు. "ఆంటీ, మీరు పెద్ద పెద్ద మీటింగుల్లో కూర్చున్నారంట కదా, దౌత్యం అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పండి" అంటారు. ఒక్క ముక్కలో అయిపోయే పనైతే అంతమందికి జీతాలిచ్చి ఎందుకు చేయిస్తారు, కూర్చో అంటాను. చేతిలో కాఫీ కప్పు పెడతాను. ఇక పారిపోవడానికి వీలుండదు.

నేను దుభాషిని. విదేశాంగ శాఖలో చేరి, అక్కడే రిటైరయ్యాను. సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టిన నేను తూర్పున ఉన్న ఒక దేశపు భాష నేర్చుకుని, ఆ భాషనే నమ్ముకుని బతికాను. ఆ దేశం పేరు చెప్పను. మా ఉద్యోగంలో సగం జీతం నోరు తెరిచినందుకు, సగం జీతం మూసుకున్నందుకు. రిటైరయ్యాక కూడా ఆ రెండో సగం అలవాటు పోలేదు.

ఇద్దరు నాయకులు పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటున్న ఫొటోలు మీరు పేపర్లో చూస్తారు కదా, వాళ్ల వెనక కుర్చీలో ఒకరు ముందుకు వంగి ఉంటారు. మొహం కనిపించదు. అది నేను. నా ఎడమ చెవి చాలా పేపర్లలో పడింది. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ చెవిని వచ్చిన వాళ్లందరికీ చూపించేది.

"దేశ ప్రయోజనాలు" అనే మాట నా నోటి మీదుగా ఎన్నిసార్లు అటూ ఇటూ వెళ్లిందో లెక్కలేదు. చల్లని గదుల్లో, పూలకుండీల మధ్య, అద్దాల బల్లల మీద. కానీ ఆ మాటకు ఒక మొహం ఉంటుందని నాకు తెలిసింది మాత్రం మా సొంత ప్రాంతంలోనే, ఫాల్గుణ మాసపు ఎండలో, ఒక మిర్చి కల్లంలో. పిల్లలకు నేను చెప్పే కథ ఇదే. మీకూ ఇదే చెబుతాను.

ఆ ఏడు ఆ దేశం మన మిర్చిని ఆపేసింది. ఓడల్లో వెళ్లిన కొన్ని సరుకుల్లో బూజు ఉందని, ఆ బూజు వల్ల పుట్టే విషం ఉందని అన్నారు. తనిఖీ పేరుతో వాళ్ల రేవుల్లో కంటైనర్లు నిలబడిపోయాయి. ఇక్కడేమో గుంటూరు కోల్డ్ స్టోరేజీలు కిక్కిరిసి ఉన్నాయి, కొత్త పంట కల్లాల్లోకి దిగుతోంది. ఆ దేశం తలుపు పూర్తిగా మూసుకుంటే ధర ఎక్కడికి పడిపోతుందో ఎవరూ పైకి అనడం లేదు. అనడానికి భయం.

బూజు ఎలా వస్తుందో మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. బయటి వాళ్ల కోసం చెబుతాను. బాగా ఎండిన మిరపకాయ ముట్టుకుంటే గలగలలాడుతుంది. దాన్ని అలాగే గోనె సంచిలో పోసి తొక్కితే చిట్లి గింజ రాలుతుంది. అందుకని సంచులకు ఎత్తే ముందు కాసిన్ని నీళ్లు చల్లి కాయను మెత్తబరచడం తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. ఆ చెమ్మే సంచిలోకి వెళ్లి బూజవుతుంది. ఓడ ఎక్కిన తర్వాత అది పెరుగుతుందే గానీ తరగదు.

ఢిల్లీలో చర్చలు జరిగాయి. మన వాళ్లు ఒక మాట చెప్పారు: కొన్ని ఊళ్లలో రైతులు నీళ్లు చల్లడం మానేశారు, టార్పాలిన్ పట్టాల మీద ఆరబెడుతున్నారు, మీరే వచ్చి చూడండి, కనీసం ఆ ఊళ్ల సరుకైనా రానివ్వండి. వాళ్లు సరేనన్నారు. తనిఖీకి ఒక పెద్దావిడను పంపుతామన్నారు. ఆవిడ బాగుందంటే తలుపు తెరుచుకుంటుంది. బాగాలేదంటే ఆ ఏడాదికి అంతే.

మా జట్టుకు పెద్ద, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక సీనియర్ అధికారి. సార్ అనే అంటాను. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కారం అంటే ఆయనకు ప్రాణభయం. మిర్చి కోసం పోరాడటానికి గుంటూరు వచ్చిన మనిషి మూడు పూటలా పెరుగన్నం తిన్నారు. నాకు నవ్వాగేది కాదు.

ఎంపిక చేసిన కల్లం మా ఊరికి దగ్గర్లోనే ఉంది. రైతు ముస్లిం, సొంత పొలం లేదు, కౌలుకు చేస్తాడు. ఊళ్లో చిన్నా పెద్దా అందరూ భాయ్ అంటారు. నీళ్లు చల్లడం మానండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మనిషి అతనే. ముందు నవ్వారట. "కాయ చిట్లి గింజ రాలితే నీ ఇంటికొచ్చి పోస్తాం ఏరా భాయ్" అన్నారట. అయినా చివరికి అతని మాట మీదే ఆ చుట్టుపక్కల ఊళ్లు పద్ధతి మార్చుకున్నాయి. ఇప్పుడు తలుపు మూసుకుంటే వాళ్లందరికీ జవాబు చెప్పాల్సింది ఢిల్లీ కాదు, అతను.

ముందు రోజు మేం చూసి రావడానికి వెళ్లాం. మాది ఏ ఊరో చెప్పగానే మేడం గారూ పోయి "అక్కా" వచ్చింది. "అక్కా, ఈ ఏడు అమ్మకపోతే వచ్చే ఏడు నాకు కౌలుకిచ్చేవాళ్లుండరు. అది నా బాధ. ఊళ్లోవాళ్ల ముందు తలెత్తుకోవాలి. అది అంతకన్నా పెద్ద బాధ" అన్నాడు. సార్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తలూపి, రాశి దగ్గరికి వెళ్లి వంగి చూశారు.

అంతే. తుమ్ములు. ఒకటి కాదు, రెండు కాదు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, కళ్లజోడు రాశిలో పడింది. ఎండిన మిర్చి ఘాటు అలవాటు లేని మనిషి పరిస్థితి అది. భాయ్ వాళ్ల అమ్మ కొంగుతో విసిరింది, మజ్జిగ ఇచ్చింది. "అయ్యయ్యో, బిడ్డ తెల్లగా పాలిపోయాడే" అంటూ కంగారు పడింది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఊరి చివరికి వినపడుతుంది. మేం నవ్వుకుంటూ వచ్చేశాం. ఆ తుమ్ముల్లోంచి మర్నాడు ఏం పుట్టబోతోందో ఎవరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడతో కల్లానికి వెళ్లాం. పొట్టి మనిషి, తెల్ల జుట్టు, నలగని చొక్కా. మెడలో భూతద్దం, చేతిలో తేమ కొలిచే మీటరు. జిల్లా వాళ్లు షామియానా వేశారు, పూలదండ తెచ్చారు. ఆవిడ దండ తీసి పక్కన పెట్టి నేరుగా రాశి వైపు నడిచింది.

రాశి మీద ఎండ పడి కాయలు మెరుస్తున్నాయి. ఎండిన మిరపకాయ అలా మెరవదు. నేనా ప్రాంతంలో పుట్టిన దాన్ని, నాకు దూరం నుంచే తెలిసిపోయింది. పై పొరంతా తడి.

పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చుని ఒక కాయ తీసుకుంది. వేళ్ల మధ్య వంచింది. అది విరగలేదు, వంగింది. మీటరు గుచ్చింది. చూసి, లేచి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది. "నీళ్లు మానేసిన రైతులంటే వీళ్లేనా?" అంది. గొంతులో కోపం లేదు. నాకు కోపమే నయమనిపించింది.

భాయ్ మొహంలో నెత్తురు లేదు. అతనికి ఆవిడ భాష రాదు, కానీ అర్థం కావడానికి భాష అక్కర్లేదు. రాశిని చూశాడు, చూసి తల దించుకున్నాడు.

మాతోపాటు గుంటూరు నుంచి ఒక ఎగుమతి వ్యాపారి వచ్చాడు. తెలివైనవాడు. నా చెవి దగ్గరికి వచ్చి, "మేడమ్, తెల్లారుజామున మంచు కురిసిందని చెప్పండి. మన వైపు కురుస్తుందిగా. అబద్ధం కూడా కాదు" అన్నాడు. వెనకున్న వాళ్లంతా "అవునవును, మంచే, మంచే" అన్నారు. ఎంత నమ్మకంగా అన్నారంటే నాకే చలేసింది.

నిజంగానే అది మంచి అబద్ధం. ఆవిడకు దాన్ని కాదనే దారి లేదు. ఆ క్షణంలో మన మాటలు ఆవిడకూ, ఆవిడ మాటలు మన వాళ్లకూ చేరాలంటే అక్కడున్నది నా నోరొక్కటే. సార్‌కు తెలుగు రాదు. పెద్దావిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఎంత పెద్ద సభల్లోనూ నాకు అంత బరువనిపించలేదు.

కానీ దుభాషికి ఒకటే నీతి. వాళ్లన్నది చెప్పాలి, అననిది చెప్పకూడదు. మంచు అని ఎవరన్నారో ఆ పేరుతో చెప్పొచ్చు గానీ, నేనే అన్నట్టు చెప్పకూడదు. సార్ వైపు చూశాను. ఆయన నెమ్మదిగా, "అసలేం జరిగిందో ముందు కనుక్కోండి" అన్నారు.

నేను నోరు తెరిచే లోపే భాయ్ వాళ్ల అమ్మ ముందుకొచ్చింది. చేతిలో చెంబు ఇంకా ఉంది.

"ఏంది అమ్మాయ్ అందరూ అట్టా బిగుసుకుపోయారు? నేనే చల్లా. నిన్న ఆ ఢిల్లీ బాబు తుమ్మలేక చచ్చాడు. మనకంటే అలవాటు, పరాయి దేశం నుంచి వచ్చిన ఆడమనిషి, పైగా పెద్దది, ఊపిరాడకుండా పోతే మన ఊరికి ఎంత మాట! ఘాటు లేవకుండా నాలుగు చెంబులు పైపైన చిలకరిచ్చా. తప్పా?"

"అమ్మా!" అన్నాడు భాయ్.

"నువ్వూరుకోరా. ఊరంతా తిరిగి నీళ్లొద్దని చెప్పొచ్చావ్, నాకు తెలీదా? అది సంచులకెత్తేటప్పుడు. ఇది చుట్టాలొచ్చేటప్పుడు!"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తెల్లవారకముందే లేచి, కొడుకు నిద్రపోతుండగా, తోడిన నీళ్లు మోసుకొచ్చి, అతిథికి కష్టం కలగకూడదని ఆ ముసలి చేతులతో రాశి మీద చల్లింది. ఏ దేశంలో ఏ రైతూ ఇలాంటి తప్పు చెయ్యడు. మా వాళ్లు చేస్తారు. మర్యాద దగ్గర మా వాళ్లకు ఒళ్లు తెలియదు.

సార్‌కు ఇంగ్లీషులో చెప్పాను. "తుమ్మలేక చచ్చాడు" అన్న ముక్కతో సహా. ఆయన పెదవి కొసన చిన్నగా కదిలింది. వ్యాపారి నా వెనక నుంచి "మంచు, మంచు" అని గొణుగుతూనే ఉన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ తల్లి మాటల్లోనే చెప్పండి" అన్నారు సార్.

చెప్పాను. చెంబులు, ఢిల్లీ బాబు, చుట్టాలు, అన్నీ. పెద్దావిడ మొహం రాయిలాగే ఉంది. అంతా విని సార్‌ను అడిగింది. "మీరు నిజంగా తుమ్మారా?"

"చాలా" అన్నారు సార్.

ఇక్కడ మీరు ఆవిడ నవ్వేసిందని, చేతులు కలిపిందని అనుకుంటారు. అది సినిమాల్లో జరుగుతుంది. ఆవిడ, "కారణం మంచిదే. కానీ ఈ రాశిని నేను ఒప్పుకోలేను" అంది. ఆవిడ ఉద్యోగం అది. ఆవిడ దేశంలో దీన్ని తినబోయే పిల్లల తరఫున వచ్చింది ఆవిడ. ఆ మాటకు నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది, మనసు మాత్రం కుంగిపోయింది.

అప్పుడు సార్ చేసిన పని కోసమే ఇదంతా మీకు చెబుతున్నాను.

"ఒప్పుకోవద్దు. మేమూ ఒప్పుకోం" అన్నారు. "కానీ ఈ రాశి మీద తీర్పు ఈ రాశికే. పక్క కల్లానికి పాకకూడదు, పక్క ఊరికి పాకకూడదు. మేం చూపించిన చోటు వద్దు. మీరే వేలు చూపించండి, అక్కడికే వెళదాం. మా వాళ్లెవరూ ముందు వెళ్లరు, కబురు పంపరు. బాగున్న చోట బాగుందని రాయండి, లేని చోట లేదని రాయండి. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. మేం అడిగేది ఇంతే."

గమనించారా? తప్పు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, ఆవిడ చేత మన షరతు ఒప్పించారు. జిల్లా మొత్తానికి పడబోయే తాళాన్ని ఒక్క రాశి మీదికి తెచ్చి వదిలారు. అబద్ధం ఆడి గెలిచి ఉంటే ఆ గెలుపు ఆ ఒక్క రాశిదే. నిజం చెప్పాక ఆ తర్వాత ఆయన అన్న ప్రతి మాటకూ విలువొచ్చింది.

పెద్దావిడ మీటరు తుడుచుకుంది. "నేను చూపించిన చోటికే?" అంది. "అక్కడికే" అన్నారు సార్. వ్యాపారి తల పట్టుకుని, "మేడమ్, ఈయన మన వైపా, వాళ్ల వైపా?" అన్నాడు. దాన్ని నేను అనువదించలేదు. అది నన్ను అడిగిన ప్రశ్న.

సార్ అందరి ఫోన్లూ ఒక గుడ్డసంచిలో వేయించి ఒళ్లో పెట్టుకున్నారు. కారు కదిలింది. చిలకలూరిపేట మిల్లులకు పోయే పత్తి లారీలు మా పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఆవిడ ఒక మలుపు దగ్గర ఎడమకు చూపించింది, ఇంకో చోట కుడికి. దారి పక్క ఎక్కడ ఎర్రగా కనిపిస్తే అక్కడ ఆపమంది.

ఆవిడ మామూలు మనిషి కాదు. ప్రతి కల్లంలోనూ ఒక ఎత్తు వేసింది. మీటరు గుచ్చి చూశాక, అక్కడున్న బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి, రాశి మీద చల్లబోతున్నట్టు చెయ్యి ఎత్తేది. వాళ్లేం చేస్తారో చూడటానికి. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఒక్క ఉదుటున లేచేవాళ్లు. "వద్దు, వద్దు! ఓయమ్మో, ఆవిడకి చెప్పండమ్మా, నీళ్లు వద్దు!" ఒక చోట ఒకామె చెంబు లాగేసుకుంది కూడా. ఆ మొహాల్లో కంగారు నటనకు రాదు. నా గుండె పొంగింది. ఇన్ని ఊళ్లలో ఇంతమందికి నేర్పింది పొద్దున కల్లంలో తల దించుకున్న ఆ కౌలు రైతు.

అన్నీ బాగున్నాయని చెబితే అబద్ధం అవుతుంది. ఒక కల్లంలో సంచులకు ఎత్తుతూ నీళ్లు చల్లుతూ దొరికారు. ఆవిడ అనేలోపే సార్ "ఇది బాగాలేదు, రాయండి" అన్నారు. ఆవిడ తల తిప్పి ఆయన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. సగం పని అక్కడే అయిపోయిందని నాకనిపించింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆవిడ, "పొద్దుటి చోటికి పోనివ్వండి" అంది.

భాయ్ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. షామియానా తీసేశారు. తడిసిన పై పొరనంతా ఎత్తి దూరంగా వేరే పట్టా మీద పలచగా పరిచాడు. అసలు రాశిని నడిమికి చీల్చి, లోపలి కాయ ఎండకు కనిపించేటట్టు పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. "అక్కా, ఆ తడిసింది నేను అమ్మను. ఆవిడకి చెప్పు. మిగతాది చూస్తే చూడమను, లేదంటే లేదు" అన్నాడు.

చెప్పాను. ఆవిడ చేతిని మోచేతి దాకా రాశి నడుమలోకి దూర్చింది. గుప్పెడు కాయలు తీసి నలిపింది. గలగల విరిగాయి. మీటరు గుచ్చింది, ఇంకోచోట గుచ్చింది, మూడో చోట గుచ్చింది. ఇంకా దగ్గరగా చూడాలని మొహం వంచింది.

తుమ్మింది. మళ్లీ తుమ్మింది. పొద్దుట్నుంచీ చొక్కా నలగకుండా తిరిగిన మనిషి కళ్లలో నీళ్లతో, ఊపిరి తీసుకోలేక, రెండు చేతులూ గాల్లో ఆడిస్తూ తుమ్మింది.

"చూశారా, నేను చెప్తే విన్నారా!" అంటూ ముసలమ్మ చెంబు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"వద్దు!"

అలా అరిచింది భాయ్ కాదు, నేను కాదు. పెద్దావిడ. అచ్చ తెలుగులో. తుమ్ముల మధ్యనే చెయ్యి చాపి చెంబు పట్టుకుంది. ముసలమ్మ అటు, ఆవిడ ఇటు, చెంబు మధ్యలో. ఒక క్షణం అలా నిలబడి ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఆ తర్వాత కల్లం మొత్తం నవ్వింది. సార్ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

కళ్లు తుడుచుకున్నాక పెద్దావిడ సార్‌తో మెల్లగా మాట్లాడింది. ఈ ఊళ్ల సరుకుకు వేరే దారి ఉండాలని రాస్తానంది. నీళ్లు మానేసిన ఊరు ఏదైనా ఆ దారిలోకి రావచ్చంది. మామూలుగా ఇలాంటివి పై నుంచి ప్రకటన వచ్చేదాకా మేం పెదవి విప్పం. కానీ ఆవిడే భాయ్ వైపు చూపించి, "అతనికి ఇప్పుడే చెప్పండి" అంది.

ఆ తర్వాత నెలల్లో కాగితాలు నడిచాయి, సంతకాలయ్యాయి. ఆ పక్క ఊళ్లు, వాటి పక్క ఊళ్లు, ఒంగోలు వైపు వాళ్లూ ఆ దారిలో చేరారు. ఆ సంతకాల ఫొటోలో కూడా నా చెవి ఉంది. కానీ నా ఉద్యోగం మొత్తంలో నేను మోసిన మాటల్లో నాకు గర్వంగా మిగిలింది ఆ సాయంత్రం మోసిందే. పరాయి భాషలోంచి నా సొంత ఊరి తెలుగులోకి, తల దించుకున్న ఒక మనిషి దగ్గరికి.

"తమ్ముడూ, తలుపు తీస్తారంట. నీ సరుకు పోతుంది. మీ ఊళ్లన్నిటిదీ పోతుంది" అన్నాను.

భాయ్ రాశిలోంచి ఒక కాయ తీసుకుని, దాన్నే చూస్తూ, భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అడిగితే ఘాటన్నాడు.

ముసలమ్మ మాత్రం చెంబు పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఈ ముక్క పొద్దున్నే చెప్తే పోయేదిగా అమ్మాయ్! అంత పెద్దమనిషిని పట్టుకుని ఇంతెండలో ఊళ్లన్నీ తిప్పుకొచ్చారు, అన్నం పెట్టారో లేదో పాపం!"

పెద్దావిడ నా వైపు చూసింది, ఏమంటోందని.

అది కూడా చెప్పాను. ఒక్క మాట తగ్గించకుండా.